ముక్కు అలర్జీ, ఆస్తమా: ఒకే దారిలో రెండు జబ్బులు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. కార్యదర్శి గారు ఏ విషయం మీద మాట్లాడతారని అడిగితే ముక్కు గురించి అన్నాను. ఆయన నవ్వారు. "గుండె గురించో, షుగరు గురించో చెబుతారనుకున్నాను. ముక్కు గురించి అరగంటసేపు ఏముంటుందండీ?" అన్నారు. ఆయన్ని అనడానికేమీ లేదు, మనందరి ధోరణీ అదే. జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని చిన్నప్పటి నుంచీ జోకు వేసుకుంటున్నాం. ఆ జోకులో నిజమూ ఉంది. ఏడు రోజుల్లో పోతే అది జలుబే. ఏడు నెలలైనా పోకపోతే మాత్రం దానికి వేరే పేరు వెతకాలి.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఏళ్ల తరబడి ముక్కు అలర్జీ ఉన్న పెద్దవాళ్లు తమ ఊపిరితిత్తుల సంగతి ఒకసారి తెలుసుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు తమ ముక్కు సంగతి డాక్టరుకు చెప్పాలి. ఈ రెండింటినీ విడదీసి చూడటం వల్ల చాలామంది అనవసరంగా బాధపడుతున్నారు, కొందరు ప్రమాదంలోనూ పడుతున్నారు.

జలుబు కాదు, అలర్జీ

నా దగ్గరకు వచ్చేవారిలో తరచూ వినిపించే కథ ఒకటి చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఎంతోమందిది. నలభై, నలభై ఐదేళ్ల మనిషి. పొద్దున్న లేవగానే వరసగా పది, పదిహేను తుమ్ములు. ముక్కు నుంచి నీళ్లలా కారడం, కళ్ల దురద, అంగిట్లో దురద. రాత్రి పడుకుంటే ముక్కు దిబ్బడ, ఒక పక్క తెరుచుకుంటే ఇంకో పక్క మూసుకుపోతుంది. ఇంట్లో అందరూ "వాడికి డస్టు పడదు" అని తేల్చేశారు. మందుల షాపులో అడిగి ఒక మాత్ర వేసుకుంటాడు, ఆ రోజు గడిచిపోతుంది. ఇలా ఇరవై ఏళ్లు. ఆ తర్వాత ఒక చలికాలం దగ్గు పట్టుకుంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు దగ్గుతో మెలకువ వస్తుంది. దగ్గు మందు సీసాలు మారుతాయి, యాంటీబయాటిక్ కోర్సులు రెండు మూడు అవుతాయి. ఛాతీ ఎక్స్‌రే తీస్తే బాగానే ఉంటుంది. "అంతా నార్మల్ అన్నారు సార్, కానీ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది" అంటూ వస్తాడు.

అతని శ్వాసనాళాల్లో ఆస్తమా మొదలైంది. ఎక్స్‌రేలో ఆస్తమా సాధారణంగా కనిపించదు. ముక్కు ఇరవై ఏళ్లుగా గంట కొడుతూనే ఉంది. వినేవాళ్లే లేరు.

అలర్జీ అంటే ఏమిటి? మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థ, హాని లేని దుమ్మునో, పుప్పొడినో శత్రువని పొరబడటం. ఇలా పొరబడే తత్వం కొందరికి వంశపారంపర్యంగా వస్తుంది. వారి ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీ తయారై ముక్కు పొరలోని కొన్ని కణాలకు అంటుకుని కాచుకుని ఉంటుంది. ఆ దుమ్ము మళ్లీ తగలగానే ఆ కణాలు పగిలి హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. తుమ్ము, దురద, నీరు కారడం నిమిషాల్లో మొదలవుతాయి. కొన్ని గంటల తర్వాత ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి వాపును నిలబెడతాయి. ఇదే పని కింద శ్వాసనాళాల్లో జరిగితే, ఆ నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, జిగురు కఫం అడ్డుపడుతుంది. అప్పుడు పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుండటం. మన పెద్దలు ఉబ్బసం అన్నది దీన్నే.

ఒకే గొట్టం, రెండు చివరలు

మనం చదువు సౌకర్యం కోసం ముక్కుకు ఒక డాక్టరును, ఊపిరితిత్తులకు ఒక డాక్టరును పెట్టుకున్నాం. శరీరానికి ఈ సంగతి తెలియదు. ముక్కు రంధ్రం నుంచి శ్వాసనాళాల దాకా ఉన్నది ఒకే దారి, లోపల పరిచిన పొర కూడా చాలావరకు ఒకే రకం.

మనం రోజుకు సుమారు పది వేల లీటర్ల గాలి పీలుస్తాం. ఆ గాలిని వడకట్టి, వెచ్చబరిచి, తేమపట్టించి కిందికి పంపే పని ముక్కుది. ముక్కు మూసుకుపోతే నోటితో పీలుస్తాం. అప్పుడు చల్లని, పొడి, దుమ్ము గాలి నేరుగా లోపలికి పోతుంది. అసలే సున్నితంగా ఉన్న నాళాలు ఇంకా బిగుసుకుంటాయి. ఇది ఒక లంకె.

రెండో లంకె రక్తం ద్వారా. 2000, 2001 సంవత్సరాల్లో నెదర్లాండ్స్ పరిశోధకులు రెండు చక్కని ప్రయోగాలు ప్రచురించారు. ఆస్తమా లేని, ముక్కు అలర్జీ మాత్రమే ఉన్నవారి ముక్కులో పుప్పొడి తగిలించి చూస్తే, ఒక్క రోజులో కింద శ్వాసనాళాల్లోనూ వాపు గుర్తులు కనిపించాయి. తిరగేసి, ఊపిరితిత్తిలో ఒక చిన్న భాగానికి మాత్రమే తగిలిస్తే, ముక్కులోనూ అదే మార్పు వచ్చింది. ఒక చివర రేగిన చిచ్చు రక్తం ద్వారా రెండో చివరకు చేరుతోందన్న మాట.

1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి నిపుణులు ముక్కు అలర్జీ ఆస్తమా మీద చూపే ప్రభావాన్ని చర్చించారు. ఏరియా పేరుతో 2001లో మార్గదర్శకాలు వచ్చాయి. అప్పటి నుంచి 'ఒకే దారి, ఒకే జబ్బు' అన్నది మా పాఠాల్లో భాగమైంది. లెక్కలు కూడా అదే చెబుతాయి. ఆస్తమా ఉన్నవారిలో 80 శాతం దాకా ముక్కు బాధలు ఉంటాయి. ముక్కు అలర్జీ ఉన్నవారిలో 10 నుంచి 40 శాతం దాకా ఆస్తమా కనిపిస్తుంది.

ఇక్కడ పూర్వ విద్యార్థులకు సంబంధించిన పరిశోధన ఒకటి చెప్పాలి. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థులకు అలర్జీ పరీక్షలు చేసి, 23 ఏళ్ల తర్వాత వారిని మళ్లీ వెతికి పట్టుకుని ఆరోగ్యం అడిగారు. అంటే మనలాంటి సంఘం పనే, కాకపోతే డాక్టర్లు చేశారు. మొదట్లో ఆస్తమా లేని దాదాపు 690 మందిలో, ముక్కు అలర్జీ ఉన్నవారిలో 10.5 శాతం మందికి తర్వాత ఆస్తమా వచ్చింది. అలర్జీ లేనివారిలో అది 3.6 శాతం. దాదాపు మూడు రెట్లు. ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చదవండి. ముక్కు అలర్జీ ఉన్న పదిమందిలో తొమ్మిది మందికి ఆ 23 ఏళ్లలో ఆస్తమా రాలేదు. కాబట్టి భయపడనక్కర్లేదు. కానీ ఆ పదో మనిషి మీరు కాదని పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు.

మెల్‌బోర్న్‌లో ఒక సాయంత్రం

మన పిల్లలు చాలామంది ఆస్ట్రేలియాలో ఉన్నారు, ఈ సభకు అక్కడి నుంచి వచ్చినవారూ ఉన్నారు. 2016 నవంబరు 21 సాయంత్రం మెల్‌బోర్న్‌లో ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చింది. అది అక్కడ రై గడ్డి పూత పూసే కాలం. మామూలుగా ఆ పుప్పొడి గింజ పెద్దది, ముక్కులోనే ఆగిపోతుంది. తుమ్ములు తెప్పిస్తుంది, అంతే. వాన తేమకు అది పగిలి అతి సన్నని రేణువులైంది. ఆ రేణువులు ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లాయి. కొన్ని గంటల్లో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. అంబులెన్సులు సరిపోలేదు. పదిమంది చనిపోయారు.

తర్వాత పరిశీలిస్తే, ఆసుపత్రికి వచ్చినవారిలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ ఉంది. చాలామందికి అంతకు ముందు ఆస్తమా ఉందని ఎవరూ చెప్పలేదు, చేతిలో ఇన్‌హేలర్ లేదు. ఆసియా దేశాల్లో పుట్టి అక్కడ స్థిరపడినవారు జనాభా వాటాకు మించి ఉన్నారు. అక్కడ ఉన్న మీ పిల్లలకు వసంతకాలంలో, అంటే మనకు అక్టోబరు, నవంబరు నెలల్లో, తుమ్ములు వస్తున్నాయంటే ఈ కథ చెప్పండి. డాక్టరును కలిసి ముక్కుకు క్రమంగా మందు వాడమనండి. ఇన్‌హేలర్ ఒకటి దగ్గర ఉంచుకోవాలా అని అడగమనండి. పుప్పొడి హెచ్చరిక ఉన్న రోజు గాలివానకు ముందు ఇంట్లోకి వచ్చి తలుపులు, కిటికీలు వేసుకోమనండి.

మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు

ముక్కు అలర్జీ ఉన్నవారు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రాత్రి లేదా తెల్లవారుజామున దగ్గుతో, ఆయాసంతో లేస్తున్నానా? ఊపిరి వదిలేటప్పుడు ఈల వేసినట్టు, పిల్లికూతలా చప్పుడు వస్తోందా? నవ్వితే, పరుగెత్తితే, పోపు ఘాటుకు, అగరొత్తి పొగకు దగ్గు తెర వస్తోందా? జలుబు చేసిన ప్రతిసారీ అది ఛాతీలోకి దిగి వారాల తరబడి ఉంటోందా? ఒక్కదానికి అవునన్నా స్పైరోమెట్రీ చేయించుకోండి. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష అది. ఊదాక మందు పీల్పించి మళ్లీ ఊదమంటారు. మొదటి సెకనులో వదిలిన గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. ఆస్తమా ఒకరోజు ఉండి ఒకరోజు లేనట్టుండే జబ్బు. ఒకసారి పరీక్ష బాగున్నంత మాత్రాన లేదని కొట్టేయకూడదు.

పెద్ద వయసులో ప్రతి ఆయాసమూ ఆస్తమా కాదు. గుండె జబ్బు, రక్తహీనత, ఏళ్ల తరబడి పొగతాగడం, కట్టెల పొయ్యి పొగ వల్ల వచ్చే సీఓపీడీ కూడా ఇలాగే కనిపిస్తాయి. అందుకే పక్కింటాయన ఇన్‌హేలర్ తెచ్చుకుని పీల్చడం కాదు, పరీక్ష చేయించుకోవాలి.

ఆస్తమా ఉన్నవారికి ఒకే ప్రశ్న. మీ డాక్టరు మీ ముక్కు గురించి అడిగారా? అడగకపోతే మీరే చెప్పండి. ముక్కులో కండ పెరిగి వాసన తెలియకుండా పోయినవారు తప్పకుండా చెప్పాలి. ఆస్తమా, ముక్కులో కండ ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పడవు. మోకాలి నొప్పికి వేసుకున్న ఒక్క మాత్రతో గంట, రెండు గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఎక్కువగా పెద్దయ్యాక మొదలయ్యే రకం.

మందులు: భయాలు, నిజాలు

ముక్కు అలర్జీ తరచూ బాధిస్తుంటే మొదటి మందు ముక్కులో కొట్టే స్టీరాయిడ్ స్ప్రే. స్టీరాయిడ్ అనగానే ఉలిక్కిపడకండి. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, పని ముక్కు పొరమీదే చేస్తుంది. ఇది కొట్టగానే హాయినిచ్చే మందు కాదు. పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మూడు రోజులు కొట్టి పనిచేయలేదని పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు. తల కొంచెం ముందుకు వంచండి. కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, కొస చెవి వైపు ఉండేలా కొట్టండి. మధ్య గోడ మీద పడితే రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకండి, గొంతులోకి పోతుంది.

దిబ్బడకు వేసే చుక్కల మందు వేరు. క్షణాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే ప్రమాదం. ఐదు రోజులు దాటి వాడితే ముక్కు దానికే అలవాటుపడి, మందు లేకపోతే మరింత మూసుకుపోతుంది. తుమ్ముల మాత్రల్లో పాత రకాలు నిద్ర తెప్పిస్తాయి. వేసుకుని బండి నడపకూడదు. ప్రోస్టేటు, కొన్ని రకాల గ్లకోమా ఉన్న పెద్దలు వాటికి దూరంగా ఉండాలి. మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రను మనవాళ్లు ప్రతి జలుబుకూ వేసేసుకుంటున్నారు. అది కొందరిలో మానసిక ఆందోళన, పీడకలలు, దిగులు కలిగించవచ్చని 2020లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక చేర్చింది. డాక్టరు చెబితేనే వాడండి.

ఇక ఇన్‌హేలర్. "అలవాటైపోతుంది, ఆఖరి మందు, ఆడపిల్లకు పెళ్లి కాదు". ఈ మూడు మాటలూ మన ఊళ్లలో ఇంకా వింటున్నాను. నిజం ఇది. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ ఒక్క నొక్కులో వచ్చేది 100 మైక్రోగ్రాములు, మాత్రలో నలభయ్యో వంతు. అంత తక్కువ మందు, అవసరమైన చోటికే నేరుగా చేరుతుంది. కళ్లజోడును అలవాటైన జబ్బు అనం కదా! అయితే ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్ పీల్చి, వాపు తగ్గించే మందు వదిలేయడం తప్పు. పెద్దవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం సురక్షితం కాదని జీనా అనే అంతర్జాతీయ సంస్థ 2019 నుంచి స్పష్టంగా చెబుతోంది. వాపు తగ్గించే పీల్చే స్టీరాయిడ్ తప్పకుండా ఉండాలి. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. చేతికి, ఊపిరికి పొత్తు కుదరని పెద్దలు స్పేసర్ అనే డబ్బా పెట్టుకుని పీల్చండి.

ముక్కుకు వైద్యం చేస్తే ఆస్తమా తగ్గిపోతుందా అని అడుగుతారు. ముక్కు మందు ఇన్‌హేలర్‌కు బదులు కాదు. కానీ ముక్కు అదుపులో ఉంటే నిద్ర పడుతుంది, నోటితో పీల్చడం తగ్గుతుంది, చాలామందికి ఆస్తమా కూడా దారిలో ఉంటుంది. మందులకు లొంగని కొందరికి, ఏది పడదో పరీక్షలో తేలితే, ఆ పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటిని అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఉంది. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ దీన్ని మొదలుపెట్టారు. మూడు నుంచి ఐదేళ్లు ఓపిక పట్టాలి. ఆస్తమా అదుపులో లేనివారికి ఇది ఇవ్వకూడదు.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం వెళ్లేవారు మన ఊరి నుంచీ ఉన్నారు. నమ్మకాన్ని నేను తప్పుపట్టను. వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకెళ్లండి, వచ్చాక మానకండి. అంతే నేను కోరేది. పేరు లేని పొడులు, ఒక్క ఇంజక్షనుతో ఏడాదంతా హాయి అనే వైద్యాలకు మాత్రం దూరంగా ఉండండి. వాటిలో ఎక్కువ మోతాదు స్టీరాయిడ్ ఉంటే షుగరు, ఎముకల బలహీనత, కంటి శుక్లాలు వెంట వస్తాయి.

ఇల్లు, వాకిలి

మన ఇళ్లలో పెద్ద శత్రువు కంటికి కనిపించదు. పరుపుల్లో, దిండ్లలో మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతికే దుమ్ము పురుగులు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో, అంటే 60 డిగ్రీల దగ్గర, ఉతికి ఎండలో ఆరవేయండి. బొద్దింకలు, గోడల తేమకు పట్టే బూజు కూడా అలర్జీ తెస్తాయి. పండగ ముందు అటక దులిపే పని అలర్జీ ఉన్నవారికి అప్పగించకండి. తప్పకపోతే మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడవాలి. దోమల చుట్టలు, అగరొత్తులు, సాంబ్రాణి, భోగి మంట అలర్జీ తేవు కానీ, రేగి ఉన్న ముక్కును, నాళాలను ఇంకా రేపుతాయి. ఖాళీ స్థలాల్లో తెల్లపూలతో కనిపించే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, పుప్పొడి కొందరికి ముక్కు అలర్జీ తెస్తుంది. పూతకు రాకముందే పీకించాలి. పీకేవారు చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మా గురువులకు ఒక మాట

మాస్టారూ, టీచరు గారూ, మీరు ముప్ఫై, నలభై ఏళ్లు సుద్దముక్క పొడి మధ్య పాఠాలు చెప్పారు. "చాక్‌పీసు వల్లే నాకీ ఉబ్బసం" అని మీలో కొందరు అంటారు. మామూలు సుద్దపొడి ముక్కును, గొంతును రాపిడి పెడుతుంది, ఉన్న జబ్బును రేపుతుంది. కానీ ఆస్తమాకు అసలు కారణం సాధారణంగా అది కాదు. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, "రిటైరయ్యాను కదా, పొడి లేదు, ఇక అదే పోతుంది" అని మందు మానేసినవాళ్లు ఉన్నారు. మానకండి. అలాగే బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు, గ్లకోమాకు వేసే టిమొలాల్ కంటి చుక్కలు ఆస్తమాను రేపవచ్చు. వాటిని మీరే ఆపేయకండి. మీకు ఆస్తమా ఉన్న సంగతి ఆ డాక్టర్లకు చెప్పండి, వాళ్లు మారుస్తారు. ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, ఇన్‌హేలర్ పీల్చినా గుణం లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోపు కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఇస్తూ ఉండండి. పడుకోబెట్టకండి.

తొమ్మిదో తరగతి గదిలో మన బ్యాచి వాళ్లు స్పైరోమెట్రీ యంత్రం పెట్టారు. కడుపు నిండా తిన్నాక ఊదడం కష్టం కాబట్టి భోజనాల ముందే రండి. తుమ్ములు ఉన్నవాళ్లంతా రండి, ఆయాసం లేకపోయినా రండి. గురువులకు క్యూ లేదు.